డ్రాప్‌డౌన్‌లో జనవరి కన్నా ముందు ఏప్రిల్ ఎందుకొచ్చింది?

అందరికీ నమస్కారం. రిపోర్టు తెరవగానే పైన నెల ఎంచుకునే డ్రాప్‌డౌన్ ఉంటుంది కదా, ఇవాళ నా గోలంతా దాని గురించే. అందులో ఏప్రిల్, ఆగస్టు, డిసెంబర్, ఫిబ్రవరి, జనవరి అని వచ్చిందంటే డేటాబేస్ తప్పేం లేదు. మనం దాని చేతికి తేదీలు ఇవ్వలేదు, ఇంగ్లిష్ అక్షరాలు ఇచ్చాం. అది ఏ, బీ, సీ, డీ చూసి పేర్చింది.

అంకెల్లో రాసినా ఇదే తంతు. 01/12/2023, 02/01/2022, 15/03/2021. టెక్స్ట్‌గా చూస్తే ఈ మూడూ వరుసలోనే ఉన్నాయి. పోలిక ఎడమ నుంచి మొదలవుతుంది, రోజు దగ్గరే తేలిపోయాక సంవత్సరం దాకా ఎవరెళ్తారు? కాలం ప్రకారం చూస్తే మాత్రం పూర్తిగా తలకిందులు. 2023-12-01 లాగా సంవత్సరం ముందు రాస్తే ఈ గొడవ ఉండదు. కానీ రిపోర్టు చూసేవాళ్లు అలా వద్దంటారు.

సరే, ఏ వరుసలో పేర్చాలో చెప్పే ఆర్డర్ బైలో అసలు తేదీ కాలమ్ పెడదాం అనుకుంటాం. ఇక్కడే నాకు ఒక మధ్యాహ్నమంతా పోయింది. ఆర్డర్‌డేట్ కాలమ్‌ని టెక్స్ట్‌గా కన్వర్ట్ చేసి, వచ్చినదానికి అలియాస్ (మారుపేరు) కూడా ఆర్డర్‌డేట్ అనే పెట్టాను. ఆర్డర్ బై ముందుగా అలియాస్‌నే పట్టుకుంటుంది, ఎస్‌క్యూఎల్ సర్వర్, పోస్ట్‌గ్రెస్ అనే రెండు డేటాబేస్‌లలోనూ. అంటే మళ్లీ టెక్స్ట్ వరుసే. ఎర్రర్ అయినా వచ్చుంటే బాగుండేది! కాలమ్ ముందు టేబుల్ పేరు చేర్చాక దారికొచ్చింది.

ఒకే విలువ రెండుసార్లు రాకుండా చేసే డిస్టింక్ట్ వాడితే మరో అడ్డు. సెలెక్ట్‌లో, అంటే చూపించమని అడిగిన కాలమ్‌ల జాబితాలో, లేనిదాన్ని ఆర్డర్ బైలో పెట్టకూడదంటుంది. న్యాయమే. ఒక్క 'ఏప్రిల్ 2023' వెనుక ముప్పై తేదీలుంటే దేన్ని చూసి పేర్చాలి? అసలు తేదీని కూడా సెలెక్ట్‌లో చేరిస్తే ఎర్రర్ పోతుంది, ఏప్రిల్ ముప్పైసార్లు కనబడుతుంది.

నేనైతే ప్రతి తేదీనీ ఆ నెల ఒకటో తారీఖుకు మారుస్తాను. అందుకు ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2012 నుంచి డేట్‌ఫ్రమ్‌పార్ట్స్ ఫంక్షన్ ఉంది, పోస్ట్‌గ్రెస్‌లో డేట్ ట్రంక్. లోపలి క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో) దానిమీద డిస్టింక్ట్, బయటి క్వెరీలో ఫార్మాటింగ్, పేర్చడం మాత్రం తేదీ మీదే. మైక్రోసాఫ్ట్ రిపోర్టు టూల్ రిపోర్టింగ్ సర్వీసెస్‌లో ఆ డ్రాప్‌డౌన్ వెనకుండే పారామీటర్‌లో వాల్యూకీ (క్వెరీకి వెళ్లేది) లేబుల్‌కీ (కంటికి కనబడేది) వేర్వేరు చోట్లున్నాయి. రెండింట్లోనూ ఒకే కాలమ్ పెట్టేసే అలవాటు మనకి! వాల్యూకి తేదీ ఇవ్వండి, లేబుల్‌కి 'ఏప్రిల్ 2023' ఇవ్వండి, పారామీటర్ టైప్ డేట్‌టైమ్‌గా ఉంచండి. టెక్స్ట్‌గా పంపితే 03/04/2023 అనేది సర్వర్ సెట్టింగ్‌ని బట్టి ఏప్రిల్ 3 కావచ్చు, మార్చి 4 కావచ్చు.

ఇక అసలు రిపోర్టు క్వెరీ. ఎంచుకున్న తేదీ నుంచి మొదలుపెట్టి, దానికి ఒక నెల కలిపితే వచ్చే తేదీకి ముందు దాకా అడగండి. కాలమ్ మీద ఫంక్షన్ లేదు కాబట్టి వెతకడాన్ని వేగం చేసే ఇండెక్స్ కూడా పనికొస్తుంది. అదే 'ఇక్కణ్ణుంచి ఇక్కడి దాకా' అని అడిగే బిట్వీన్‌లో చివర 30వ తారీఖు అని రాశారనుకోండి, కాలమ్‌లో టైమ్ కూడా ఉంటే ఆ రోజు సున్నా గంటల దగ్గరే లెక్క ఆగిపోతుంది. పొద్దున్నుంచి వచ్చిన ఆర్డర్లన్నీ జారిపోతాయి. నెలాఖరు టోటల్ తేడా వచ్చిందని ఎవరైనా అంటే నేను ముందు చూసేది ఆ లైనే.