సముద్రపు గాలిలో గరార్డ్ 401

అందరికీ నమస్కారం. మాట్లాడే ముందు దీని స్విచ్ వేస్తున్నాను, కారణం చివర్లో తెలుస్తుంది.

ఇది గరార్డ్ 401 అనే పాత రికార్డ్ ప్లేయర్. ఇంగ్లండ్‌లోని స్విండన్‌లో 1965 నుంచి తయారైంది. దీనికి బెల్టు ఉండదు. మోటారు పుల్లీకీ, ప్లాటర్ అంటే రికార్డు పెట్టే పళ్లెం లోపలి అంచుకీ మధ్య ఐడ్లర్ అనే రబ్బరు చక్రం ఆనుకుని తిరుగుతుంది, ఆ పట్టు వల్లే మృదంగం దెబ్బ అంత గట్టిగా, నిండుగా వినిపిస్తుంది. కానీ ఆ రబ్బరు గట్టిపడితే మోటారు గరగర మొత్తం పాటలోకి వచ్చేస్తుంది. నాది కొన్నప్పుడు అలాగే ఉండేది. పైగా అమ్మినాయన ప్లాటర్ తీయకుండానే పార్సిల్ చేశాడు, దారిలో కుదుపులన్నీ బేరింగ్ మీదే పడ్డాయి. ఈరోజు పెదవాల్తేరు నుంచి ఆటోలో తెచ్చేటప్పుడు ప్లాటర్‌ను విడిగా దుప్పటిలో చుట్టింది అందుకే.

మన విశాఖలో దీనికి అసలు శత్రువు ఉప్పుగాలి. బీచ్ రోడ్డు వైపు కిటికీలు తెరిచి ఉంచే ఇల్లు మాది. ఒకసారి ఎడమ స్పీకర్ ఆగి ఆగి పలకడం మొదలైంది. ఆంప్లిఫయర్ పోయిందనుకుని వారం టెన్షన్ పడ్డాను, వైర్లు మార్చాను, చివరికి చూస్తే హెడ్‌షెల్, అంటే సూది బిగించి ఉండే చివరి భాగం, వెనక ఉండే నాలుగు పిన్నుల్లో ఒకటి నల్లబడింది, అంతే. పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్దితే సరిపోయింది. ఇప్పుడు రెండు నెలలకోసారి అదే మొదటి పని.

సూది రికార్డు మీద ఎంత బరువు మోపాలన్నది కార్ట్రిడ్జ్‌ను బట్టి ఉంటుంది; సూదిని పట్టుకుని దాని కదలికను విద్యుత్ సంకేతంగా మార్చేది అదే. నా డెనాన్ డీఎల్-103కి 2.5 గ్రాములు. తక్కువ పెడితే రికార్డు భద్రంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు, నిజానికి తేలిపోయే సూదే గాడి గోడల్ని ఎక్కువ కొడుతుంది.

కార్ట్రిడ్జ్ అమరిక మాత్రం ఓపికగా చేయాలి. ఎల్పీ బయటి అంచులో గాడి సూది కింద సెకనుకు సుమారు 51 సెంటీమీటర్లు కదులుతుంది, లోపలికి వచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే ధ్వని అంత ఇరుకులో ఇమడాలి కాబట్టి అమరికలో తప్పుంటే బయటపడేది అక్కడే. కచేరీ రికార్డులో అక్కడ వచ్చేది మంగళం! 'స' అనే అక్షరం దగ్గర గొంతు చీరినట్టు వినిపిస్తే పాడినవాళ్లను అనుమానించకండి, కార్ట్రిడ్జ్ కోణం సరిచూసే ప్రోట్రాక్టర్ తీయండి. నాకు ఒక ఆదివారం మొత్తం పట్టింది.

దీని మీద నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డులు కూడా తిరుగుతాయి. మన ద్వారం వారి వయొలిన్ ఉన్న పాత రికార్డు మీ ఇంట్లో ఉంటే దయచేసి ఎల్పీ సూదితో వేయకండి, ఆ గాడి వెడల్పు వేరు, దానికి పెద్ద సూది కావాలి.

ఇక వేగం. ఒక్క శాతం తేడా వస్తే శ్రుతి అరస్వరంలో దాదాపు ఆరో వంతు జరుగుతుంది, తంబురాకు అలవాటుపడిన చెవి దాన్ని పట్టేస్తుంది. ఈ మోటారు చల్లగా ఉన్నప్పుడు వేగం కుదురుగా ఉండదు, పది నిమిషాలు తిరగాలి. ప్లాటర్ అంచున ఉన్న ఈ చుక్కల మీద నియాన్ దీపం పడుతోంది చూడండి, ఇందాక మెల్లగా వెనక్కి జరిగేవి, ఇప్పుడు నిలబడ్డాయి, అంటే వేగం కుదిరింది.

చివరి పాట దగ్గర సూది పెడుతున్నాను. ఎవరైనా ఆ ఫ్యాన్ ఆపండి.