ఇంటర్న్‌షిప్ మార్కులు పొందూరులో నూలు వడికే అమ్మ వేయాలి!

నమస్కారం. ఈరోజు చెప్పబోయే మాటకు కొందరు అధ్యాపకులకు నా మీద కోపం రావచ్చు. రానివ్వండి. డిగ్రీ పిల్లల ఇంటర్న్‌షిప్‌కు మార్కులు వేసే అధికారం కళాశాల నుంచి తీసేయాలి. తీసి ఎవరికివ్వాలి? మన శ్రీకాకుళం జిల్లా పొందూరులో ఖద్దరుకు నూలు వడికే అమ్మకు. మీరు సరిగ్గానే విన్నారు.

గొడవ మీకు తెలిసిందే. 2020-21 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదివేవాళ్లకు పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది కాగానే ఊళ్లోకి వెళ్లి, ఇంటింటా మాట్లాడి, సమాజ సేవా ప్రాజెక్టు రాయాలి. ఆలోచన బంగారం. ఆచరణ జిరాక్స్! శ్రీకాకుళంలో ఒక దుకాణంలో నేను చూసిన నివేదిక అట్ట మీద మన జిల్లా ఊరి పేరుంది. లోపలికెళ్తే ద్రాక్ష రైతుల కష్టాలు! ఇక్కడ ద్రాక్షతోటలెక్కడివి నాయనా? కనీసం జీడిమామిడి అని దిద్దడానికి కూడా బద్ధకమేనా? దానికి మార్కులు కూడా పడ్డాయట.

ఇప్పుడు పొందూరు వెళ్దాం. అక్కడ పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్లే దువ్వెన. తర్వాత చేతి రాట్నం మీద వంద కౌంటు నూలు, అంటే చాలా సన్నని నూలు, తీస్తారు. ఇది చూసిన కుర్రవాడికి ఏమనిపించాలి? చేప దవడే ఎందుకు, ఇనుప దువ్వెన పనికిరాదా? ఆ చేప ఎక్కడ దొరుకుతుంది? రోజంతా వడికితే చేతికి ఎంత వస్తుంది? మీ అమ్మాయి ఈ పని ఎందుకు నేర్చుకోలేదు? ఈ నాలుగు ప్రశ్నలు అడగగలిగిన పిల్లవాడు రేపు ఏ ఆఫీసులోనైనా బతుకుతాడు. అడగలేనివాడికి ఇరవై సర్టిఫికెట్లున్నా దండగే.

2030 నాటికి ఉద్యోగులకు కావలసిన ముఖ్య నైపుణ్యాల్లో 39 శాతం మారిపోతాయని యజమానులు అనుకుంటున్నారట. ప్రపంచ ఆర్థిక వేదిక 2025 నివేదికలోని లెక్క అది. అంటే ఈరోజు నేర్పే సాఫ్ట్‌వేర్ రేపు ఉంటుందో లేదో. ముక్కూ మొహం తెలియని మనిషి దగ్గర కూర్చుని పని తెలుసుకునే అలవాటు మాత్రం ఎక్కడికీ పోదు.

మన గిడుగు రామమూర్తి గారినే తీసుకోండి. వాడుక భాష పోరాటం అందరికీ తెలుసు. సవర గిరిజనుల భాష సంగతి ఎందరికి తెలుసు? పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూనే తెలుగూ సవరా రెండూ వచ్చిన మనిషిని ఇంట్లో ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో దానికి వ్యాకరణం అచ్చువేశారు. ఆయన్ను ఏ కళాశాల పంపింది? ఎవరు మార్కులు వేశారు? సవరలతో సవరలో మాట్లాడాలి, వాళ్లకు అర్థం కావాలి. ఆయనకు పరీక్ష అదే!

‘ఆ నూలు వడికే అమ్మకు చదువు రాదు, మార్కులెలా వేస్తుంది’ అంటారా? పోగు వేలికి తగలగానే లోపం పట్టేసే మనిషి అండీ ఆమె! ఎదుటి కుర్రవాడు వింటున్నాడో, ఫోను చూసుకుంటున్నాడో పట్టలేదా? రెండో రోజు మళ్లీ వచ్చాడా, చెప్పింది చెప్పినట్టు రాశాడా? చదివి వినిపిస్తే ఔననో కాదనో ఆమే చెబుతుంది.

ఈ వేసవికి జిల్లాలో ఒక్క కళాశాల ముందుకు రండి. కెమెరా పట్టుకుని నేనూ వస్తాను. ఒక్కటే షరతు: ముందు ఆ అమ్మ ఒప్పుకోవాలి. పిల్లల కోసం ఆమె రాట్నం ఆపిన ప్రతి గంటకూ కళాశాలే కూలి కట్టాలి.