టెస్టోస్టెరాన్ సూది: ఎవరికి మేలు, ఎవరికి కీడు

[తెల్లవారుజాము, అలిపిరి మెట్ల దగ్గర. వెనకాల నడక భక్తులు.]

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ఈరోజు మాట్లాడేది మగవాళ్ల హార్మోను గురించే, కానీ ఆడవాళ్లు కూడా చూడండి, ఎందుకంటే చాలా ఇళ్లలో మొగుణ్ణి డాక్టర్ దగ్గరికి లాక్కుపోయేది మీరే.

సంక్రాంతికి మా చిన్నాన్న కొడుకు ఇంటికొచ్చాడు. 30 ఏళ్లు, పెళ్లయి రెండేళ్లు, ఇంకా పిల్లల్లేరు. ఏడాదిగా ఆ అమ్మాయికే కషాయాలు తాగిస్తున్నారు, ఆ అమ్మాయినే గుళ్ల చుట్టూ తిప్పుతున్నారు. చివరికి ఒక డాక్టరమ్మ పట్టుబట్టి వీడికి వీర్యపరీక్ష చేయిస్తే కణాలు సున్నా. అప్పుడు బయటపడింది, జిమ్‌లో పరిచయమైన ఒకతని దగ్గర చాన్నాళ్లుగా వారం వారం టెస్టోస్టెరాన్ సూది వేయించుకుంటున్నాడని. "మగ హార్మోనే కదన్నా, పిల్లలు పుట్టడానికి ఇంకా మంచిదనుకున్నా" అన్నాడు. ఆ మాట నన్ను వారం రోజులు నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ వీడియో.

[బొమ్మ: మెదడు, అక్కడి నుంచి వృషణాలకు గీత.]

వృషణాలు వాటంతట అవే పనిచేయవు. మెదడు కింద పిట్యూటరీ అని బఠాణీ గింజంత గ్రంథి ఉంటుంది, అది రెండు సంకేతాలు పంపుతుంది, ఒకటి టెస్టోస్టెరాన్ తయారు చేయమని, ఇంకోటి వీర్యకణాలు తయారు చేయమని. మన తిరుపతిలో ఎండాకాలం ట్యాంకర్ నీళ్లు పోయించుకుంటాం కదా, సంపు నిండుగా ఉంటే బోరు మోటారు ఎవరూ వేయరు. అంతే ఇక్కడ కూడా. బయటి నుంచి సూది రూపంలో హార్మోను వచ్చి పడుతుంటే రక్తంలో సరిపడా ఉందని పిట్యూటరీ రెండు సంకేతాలూ ఆపేస్తుంది. రక్తంలో హార్మోను పెరుగుతుంది గానీ, వీర్యకణాలు తయారవ్వాలంటే వృషణాల లోపల రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి, అక్కడ మాత్రం పడిపోతుంది. ఇది ఎంత నిజమంటే, మగవాళ్లకు గర్భనిరోధకంగా పనికొస్తుందేమోనని వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఇచ్చి ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించింది, 1990లో ఫలితాలు వచ్చాయి, సగం మందికి పైగా వీర్యకణాలు సున్నాకి చేరాయి. గర్భం రాకుండా పరీక్షించి చూసిన మందుని మావాడు పిల్లలకు మంచిదని వేసుకున్నాడు.

సూది మానేస్తే ఎక్కువమందికి ఆరు నెలల నుంచి ఏడాదిలోపు కణాలు తిరిగొస్తాయి, కొందరికి రెండేళ్లు కూడా పడుతుంది. ఎంత ఎక్కువ కాలం వాడితే అంత ఆలస్యం. అందుకని పిల్లలు కావాలనుకునే మగవాళ్లు దీని జోలికి పోకూడదు. నిజంగానే హార్మోను తక్కువున్నా సరే, ఆ సంకేతాన్ని మళ్లీ రప్పించే వేరే మందులున్నాయి, డాక్టర్‌కి "మాకు పిల్లలు కావాలి" అని ముందే చెప్పండి.

అలాగని ఇది చెడ్డ మందు కాదు, ఆ మాట కూడా గట్టిగా చెప్పాలి. పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు దెబ్బతిన్నవాళ్లు, పిట్యూటరీలో గడ్డ ఉన్నవాళ్లు, క్యాన్సర్ మందులు వాడినవాళ్లు, పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోము ఎక్కువున్నవాళ్లు, వీళ్లకి ఇది అవసరం. కోరిక తిరిగొస్తుంది, కండ పెరుగుతుంది, రక్తహీనత తగ్గుతుంది, ఎముకల సాంద్రత మెరుగవుతుంది. సిగ్గుపడి మానుకోకండి.

కానీ మనవాళ్లు ఎక్కువమంది వెళ్లేది నీరసం పోవడానికి. 65 ఏళ్లు దాటి హార్మోను తక్కువున్న 790 మందిపై అమెరికాలో ఏడాదిపాటు చేసిన పరీక్షల ఫలితాలు 2016లో వచ్చాయి. కోరిక పెరిగింది, మనసు కొంచెం తేలికపడింది, ఓపిక విషయంలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నీరసానికి షుగర్, థైరాయిడ్, రక్తహీనత, నిద్రలేమి, ఇవన్నీ ముందు చూడాలి.

[ల్యాబ్ రిపోర్టు నమూనా, పేరు కనిపించకుండా.]

పరీక్ష దగ్గరే సగం తప్పులు జరుగుతున్నాయి. ఈ హార్మోను పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తగ్గుతుంది. డ్యూటీ దిగి సాయంత్రం ఆరింటికి ల్యాబులో రక్తమిచ్చి, తక్కువొచ్చిందని టెన్షన్ పడి సూది మొదలుపెడితే ఎలా? పరగడుపున, పది గంటల లోపు, రెండు వేర్వేరు రోజుల్లో ఇవ్వాలి. రెండుసార్లూ డెసిలీటరుకు 300 నానోగ్రాముల కంటే తక్కువుండి, లక్షణాలు కూడా ఉంటేనే లోపం అనే మాట. జ్వరంలో ఉన్నప్పుడు అసలు చేయించొద్దు.

పొట్ట ఉన్నవాళ్లకి ఇంకో సంగతి. కొవ్వులో ఉండే ఒక ఎంజైము టెస్టోస్టెరాన్‌ని ఆడ హార్మోనుగా మార్చేస్తుంది. బరువు తగ్గితే చాలామందికి మందు లేకుండానే పెరుగుతుంది. ఇక్కడ నా వెనకాల 3,550 మెట్లున్నాయి, ఒక్కరోజులో ఎక్కమని చెప్పను, మోకాళ్లు, గుండె బాగున్నవాళ్లు గాలిగోపురం దాకా మెల్లగా మొదలుపెట్టండి.

గుండె సంగతి చాలామంది అడిగారు. 2023లో ఐదు వేల మందికి పైగా పాల్గొన్న పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి, అందరూ 45 నుంచి 80 ఏళ్లవాళ్లు, గుండె జబ్బు ఉన్నవాళ్లు లేదా వచ్చే ప్రమాదం ఎక్కువున్నవాళ్లు. గుండెపోటు, పక్షవాతం, గుండె సంబంధ మరణాలు కలిపి మందు వాడినవాళ్లలో 7.0 శాతం, వాడనివాళ్లలో 7.3 శాతం. అంటే పెరగలేదు. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, కిడ్నీ సమస్య కొంచెం ఎక్కువ కనిపించాయి. ఎముకలు విరగడం కూడా ఎక్కువే, సాంద్రత పెరిగినా సరే. ఇంకో ముఖ్యమైన మాట, వాళ్లు వాడింది డాక్టర్ కొలిచి ఇచ్చిన, ఒంటికి రాసుకునే టెస్టోస్టెరాన్ జెల్, జిమ్ డోసుకి ఈ భరోసా ఏమాత్రం వర్తించదు.

నాకు అన్నిటికంటే భయం రక్తం చిక్కబడటం. హెమటోక్రిట్, అంటే రక్తంలో ఎర్రకణాల వాటా, 54 శాతం దాటితే మందు ఆపాలి లేదా తగ్గించాలి. ఆస్ట్రేలియాలో రెండేళ్ల పరీక్షలో మందు వాడినవాళ్లలో 22 శాతం మంది ఆ గీత దాటారు. జిమ్‌లో సూది వేసేవాడు ఈ పరీక్ష చేయిస్తాడా? అందుకే మూడు నుంచి ఆరు నెలల్లో ఒకసారి, తర్వాత ఏటా రక్తపరీక్ష ఉండాలి, వయసును బట్టి ప్రొస్టేట్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) కోసం పీఎస్‌ఏ అనే రక్తపరీక్ష కూడా. ప్రొస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లు, గత ఆరు నెలల్లో గుండెపోటు వచ్చినవాళ్లు, గురకతో నిద్రలో ఊపిరి ఆగే జబ్బుకి వైద్యం చేయించుకోనివాళ్లు మొదలుపెట్టకూడదు.

జెల్ రాసుకునేవాళ్లు చేతులు సబ్బుతో కడుక్కుని, రాసిన చోట చొక్కా కప్పుకోండి. ఒంటికి అంటుకుంటే చంటిపిల్లలకు వయసు రాకముందే ఎదుగుదల మార్పులొస్తాయి.

చూపించుకోవాలంటే ఎండోక్రైనాలజీ, అంటే హార్మోన్ల డాక్టర్‌ని కలవండి, మన తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో ఆ విభాగం ఉంది. చీటీ లేకుండా ఎవరైనా అమ్మితే తీసుకోవద్దు.

మావాడు సూది మానేసి నాలుగు నెలలైంది. మొదటి నెలల్లో బాగా డీలా పడ్డాడు, సొంత హార్మోను ఇంకా మొదలవ్వలేదు కదా. మొన్నటి రిపోర్టులో కణాలు కొద్దిగా కనిపించాయి, మూడు నెలల తర్వాత మళ్లీ పరీక్ష. ఈసారి వాడి భార్యకి కషాయం ఎవరూ ఇవ్వట్లేదు.