నాసిక్ చిన్న వైనరీల టేస్టింగ్ రూములు: నాందేడ్ నుంచి పోవాల్నా, వద్దా?

నమస్తే. ధర్మాబాద్, బిలోలి, దెగ్లూర్, నాందేడ్ దిక్కు మనోళ్ళకు, అట్లనే సిరోంచ, బల్లార్‌పూర్, షోలాపూర్ నుంచి చూస్తున్నోళ్ళకు కూడా. ఇయ్యాల రివ్యూ ఒక సీసా గురించి కాదు. నాసిక్ చుట్టుపక్కల చిన్న వైనరీలు ఉన్నయి. ఒకటే కుటుంబం తోట పెట్టి, వైన్ చేసి, గ్లాసులో కూడా వాళ్ళే పోస్తరు. ఆ టేస్టింగ్ రూముకు పోతే మన పైసలకు ఏమొస్తది అన్నదే ఇయ్యాల ముచ్చట.

తీర్పు ముందే చెప్పేస్త. వైన్ పులిసే ట్యాంకులు చూపెట్టే వైనరీ అయితే పోండి. 400 కిలోమీటర్ల పైన తిరిగినా దండుగ కాదు. కౌంటర్ మీద ఐదు గ్లాసులు పోసి, నాలుగు ఫొటోలు తీయించి, బిల్లు చేతిలో పెట్టేదయితే మాత్రం వద్దు. ఆ పైసలతో నాందేడ్‌లోనే రెండు మంచి సీసాలు వస్తయి. సరిహద్దు దాటి తెలంగాణ పోతే దుకాణం బోర్డు మీద 'వైన్స్' అని ఉంటది గానీ, లోపల వైన్ తప్ప అన్నీ దొరుకుతయి. అది వేరే బాధ.

దారి సంగతి తొందరగా చెప్త. ధర్మాబాద్, నాందేడ్ వాళ్ళకు దేవగిరి ఎక్స్‌ప్రెస్ ఉంది, నాందేడ్ నుంచి తపోవన్ ఉంది. రెండూ నాసిక్ రోడ్‌లో ఆగుతయి. కారు మీద పోతే ఔరంగాబాద్, అంటే ఇప్పటి ఛత్రపతి సంభాజీనగర్, దాటి వైజాపూర్, యేవ్‌లా మీదుగా పోవాలె. యేవ్‌లా దాటినంక వించూర్‌లో సర్కారు వైన్ పార్క్ తగుల్తది. ఆ తర్వాత నిఫాడ్, ఆ తర్వాత నాసిక్. టేస్టింగ్ రూములు ఎక్కువ నాసిక్ పడమర దిక్కు గంగాపూర్ డ్యామ్ దగ్గర ఉన్నయి. ఆ డ్యామ్‌లో ఉన్నది గోదారే. ధర్మాబాద్ దగ్గర బాబ్లీ గేట్ల కాడ మనం చూసే నీళ్ళు మొదలయ్యేది ఆ పక్కనున్న త్ర్యంబకేశ్వర్ గుట్టల్లోనే. ఇగత్‌పురి, దిండోరి దిక్కు కూడా తోటలున్నయి. షోలాపూర్ మనోళ్ళు అంత దూరం పోనవసరం లేదు. అక్లూజ్ దగ్గర ఫ్రాటెల్లి వాళ్ళ వైనరీ ఆ జిల్లాలోనే ఉంది. చిన్నది కాదు గానీ పెట్టింది మాత్రం అన్నదమ్ములే. ఇటలీ భాషలో ఫ్రాటెల్లి అంటే అన్నదమ్ములని అర్థం.

నాసిక్‌లో ఈ టేస్టింగ్ రూముల అలవాటు పెంచింది సూలా. 1999లో మొదలైన కంపెనీ, 2005లో టేస్టింగ్ రూము తెరిచింది. అది ఇప్పుడు జాతర లెక్క ఉంటది. మనం మాట్లాడేది దాని గురించి కాదు. ఇంకో మాట, బోర్డు మీద కుటుంబం పేరున్నంత మాత్రాన కుటుంబానిదే అనుకోవద్దు. గంగాపూర్ దిక్కు యార్క్ అనే వైనరీ ఒక కుటుంబం పెట్టిందే, 2021లో సూలా కొనేసింది. అందుకే సీసా వెనక లేబుల్ తిప్పి, తయారుచేసిన చోటు చదవండి. మీరు నిలబడ్డ ఊరు కాకుండా వేరే ఊరి అడ్రస్ ఉంటే, వైన్ అక్కడ చేయించి ఇక్కడ అమ్ముతున్నరన్నట్టు. అది తప్పేం కాదు. కానీ చూడ్డానికి ట్యాంకు ఉండదు.

ఎప్పుడు పోవాలె? జనవరి చివర నుంచి మార్చి మొదటి వారాల దాకా. మన దగ్గర ద్రాక్షకు ఏడాదికి రెండు కత్తిరింపులు ఉంటయి. కోత అయినంక ఏప్రిల్‌లో ఒకటి, దాన్ని మరాఠీలో ఖరడ్ ఛాటణీ అంటరు. అది కొమ్మ కోసం. సెప్టెంబర్, అక్టోబర్‌లో ఇంకోటి, గోడ్ ఛాటణీ. అది కాయ కోసం. కాబట్టి వానాకాలం పోతే పచ్చటి ఆకులు, మబ్బులు కనిపిస్తయి, గుత్తి కనపడదు. చాలామంది ఆగస్టులో పోయి 'ద్రాక్షలు ఏవి' అని అడుగుతరు. ఏప్రిల్‌లో పోతే మోడు తోట, పులిసే పని అయిపోయిన ట్యాంకులు, పైన ఎండ.

వారం మధ్యలో పోండి. శని, ఆదివారాల్లో గ్లాసు పోసేది జీతానికి పెట్టుకున్న పిల్లలు. కాగితం మీద ఉన్నది అప్పజెప్తరు. మంగళవారం, బుధవారం అయితే యజమానో, వైన్ చేసే మనిషో దొరుకుతడు. ఒకరోజు ముందు ఫోన్ చేసి అడగాల్సినవి ఉన్నయి. ట్యాంకు రూము చూపెడ్తరా? ఎన్ని రకాలు, ఒక్కోటి ఎంత పోస్తరు? సీసా కొంటే టేస్టింగ్ పైసలు తగ్గిస్తరా? ఆ రోజు డ్రై డే, అంటే మందు అమ్మకం బంద్ ఉండే రోజు, ఉందా? అక్టోబర్ 2, పోలింగ్ రోజులు చూస్కోకుండ టికెట్ చేస్కోవద్దు. ట్యాంకు రూము మాటకు 'చూద్దాం లెండి' అన్నరంటే ఇంకో నంబర్ తిప్పండి. వైన్‌కు 21 ఏండ్లు నిండాలె, ఆధార్ జేబులో పెట్టుకోండి.

ఒక లెక్క చెప్త, మనసులో పెట్టుకోండి. టేస్టింగ్ పోత మామూలుగా 30 మిల్లీలీటర్లు. ఐదు రకాలంటే 150, అంటే ఒక నిండు గ్లాసు. రెండు వైనరీలు తిరిగితే రెండు గ్లాసులు పడ్డట్టు. బండి నడిపే మనిషి రక్తంలో 100 మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మొదటిసారికే 10,000 రూపాయల జరిమానా, లేకపోతే ఆరు నెలల దాకా జైలు, రెండూ కూడా కావచ్చు. ఉమ్మడానికి ఒక కుండ పెడ్తరు. ఉమ్మితే మర్యాద తక్కువ అనుకోవద్దు, రోజంతా రుచి చూసేవాళ్ళంతా ఉమ్ముతరు. అయినా డ్రైవర్‌ను వేరే పెట్టుకునుడే మేలు.

ఇగ అసలు చోటికి వద్దాం. ట్యాంకు రూములో అడుగు పెట్టంగనే వాసన గట్టిగ పీల్చండి. పులుస్తున్న రసం వాసన, దాన్ని పులియబెట్టే ఈస్ట్ వాసన, కొంచెం పండిన జామకాయ లెక్క ఉంటే బాగున్నట్టు. సిర్కా, అంటే వెనిగర్, వాసన కొడితే, కాలువలో తొక్కలు నిల్వ ఉండి చిన్నీగలు లేస్తే, అక్కడ కడిగే అలవాటు తక్కువ. వైనరీ పనిలో సగం నీళ్ళ పైపు పట్టుకుని కడుగుడే.

ఇదిగో, ఈ ట్యాంకు చూడండి. స్టీల్‌ది, 2,000 లీటర్లది. నిండితే 2,600 సీసాల పైన. నడుము చుట్టూ గుంటలు గుంటలుగ ఇంకో రేకు ఉంది కదా, దాని లోపల ట్యాంకును చల్లబరిచే గ్లైకాల్ ద్రవం తిరుగుతది. బయట మంచు చెమట పట్టింది చూడండి. తెల్ల వైన్ 14 నుంచి 18 డిగ్రీల మధ్య రెండు, మూడు వారాలు మెల్లగ పులియాలె. వేడెక్కితే పులిసే పని తొందరగ అయిపోతది, వాసన గాలిలో కలిసిపోతది. చిన్న వైనరీల అసలు పరీక్ష ఇదే. కరెంటు పోయి జనరేటర్ అందుకోకపోతే, ఒక్క రాత్రిలో ట్యాంకు వేడెక్కుతది. మరీ వేడయితే ఈస్ట్ చచ్చిపోతది, చక్కెర సగంలో ఆగిపోతది. తియ్యదనం ఉద్దేశంతో ఉంచిందా, ఆగిపోయి మిగిలిందా అని అడగండి. నిజం చెప్పే మనిషి నవ్వుతడు.

ఎర్ర వైన్ కథ వేరే. రసం ఒక్కటే కాదు, తోలు, గింజ కూడా అందులోనే ఉంటయి. 24 నుంచి 28 డిగ్రీలు, ఏడు నుంచి పది రోజులు. తోలు పైకి తేలి మందమైన మూత లెక్క కట్టుకుంటది. దాన్ని రోజుకు రెండు మూడుసార్లు కిందికి తొక్కాలె, లేకపోతే కింది రసం పంపుతో పైన పోయాలె. ఒక్కపూట మరిస్తే ఆ మూత ఎండి సిర్కా బాక్టీరియా పడ్తది. మన ఈతకల్లు ముచ్చటే. పొద్దుగాల దించింది తియ్యగ ఉంటది, మాపటికి పుల్లగ అయితది. మొదటి పని ఈస్ట్‌ది. గాలి ఆడనిస్తే రెండో పని సిర్కా చేసేదానిది. ఇంకో జాగ్రత్త. పులుస్తున్న ట్యాంకు మూతి మీదికి వంగి చూడొద్దు. అక్కడ నిలబడేది కార్బన్ డయాక్సైడ్, మనిషి తల తిరిగి పడిపోతడు.

కోత టైమ్ అయితే ఒక గుత్తి చేతికి ఇయ్యమనండి. తినే థాంప్సన్, సోనాకా లెక్క ఉండదు. చిన్న కాయ, మందం తోలు, గింజలు. గింజ కొరకండి. గోధుమ రంగుల కరకరమంటే పండినట్టు. పచ్చగ, మెత్తగ, చేదుగ ఉంటే తొందరపడి కోసినట్టు. ఆ పచ్చిదనం రేపు గ్లాసులో వస్తది. చక్కెర కొలత బ్రిక్స్‌లో చెప్తరు. 22 బ్రిక్స్ ఉంటే వైన్‌లో ఆల్కహాల్ 12, 13 శాతం దగ్గర తేల్తది.

చెక్క పీపాలు చూపెట్టి ఎక్కువ గొప్పలు చెప్తే వినండి, నమ్ముడు తర్వాత. 225 లీటర్ల పీపా మూడు నాలుగు ఏండ్లు వాడితే దాని వాసన అయిపోతది. తర్వాత అది ఉత్త డబ్బానే. 'ఇది ఎన్నో ఏడు పీపా' అని అడగండి.

ఇప్పుడు టేబుల్ కాడికి. పొద్దుగాల నాసిక్ మిసళ్ తిని రాకండి. తినాలె, కానీ టేస్టింగ్ అయినంక. మిర్చి మంట మీద ఎర్ర వైన్ పోస్తే రెండూ చేదయితయి. పాన్, తంబాకు, అత్తరు కూడా ఆ పూట బంద్. వరస ఇట్ల ఉండాలె: బుడగలది, తెల్లది, రోజే అనే గులాబీ రంగుది, ఎర్రది, ఆఖరికి తియ్యది. తారుమారు పోస్తే మార్పించుకోండి. తియ్యది తాగి తెల్లది తాగితే నిమ్మకాయ నాకినట్టు ఉంటది.

గ్లాసును కింది సన్నటి కాడతోని పట్టుకోండి, పైన ఉబ్బిన బుగ్గతోని కాదు. వెనక తెల్ల కాగితం పెట్టి రంగు చూడండి. తెల్ల వైన్ ఈ ఏడుదై ఉండి కూడా గోధుమ రంగుకు తిరిగిందంటే గాలి తగిలింది. గ్లాసు తిప్పితే గోడ మీద చుక్కలు జారుతయి కదా, 'చూడండి ఎంత క్వాలిటీ' అంటరు. అదంతా ఆల్కహాల్ పని, క్వాలిటీకి సంబంధం లేదు. వాసనకు మన మాటలు వాడండి. షెనిన్ బ్లాంక్ అనే తెల్ల వైన్‌లో జామ, అనాస. సావిన్యాన్ బ్లాంక్ అనే ఇంకో తెల్లదాంట్ల కోసిన గడ్డి, పచ్చిమిర్చి. షిరాజ్ అనే ఎర్ర వైన్‌లో మిరియం, నేరేడు. టానిన్ అని ఇంత పెద్ద మాట చెప్తరు గానీ, దానికి మన దగ్గర ఒకటే మాట ఉంది: వగరు. నేరేడుపండు తిన్నంక నాలుక పట్టేసినట్టు ఉంటదే, అది. మంచి ఎర్ర వైన్‌లో వగరు వచ్చి పోతది. పండని కాయదయితే పంటి మీదనే కూసుంటది.

చెడింది ఎట్ల తెలుస్తది? తడిసిన అట్టపెట్టె వాసన వస్తే బిరడా చెడగొట్టింది. తిరిగే మూత సీసాలకు ఈ బాధ దాదాపు ఉండదు, ఆ మూత చూసి చౌక అనుకోవద్దు. నెయిల్ పాలిష్, సిర్కా వాసన అంటే ఇందాక చెప్పిన బాక్టీరియా. కుళ్ళిన గుడ్డు వాసన అయితే ఈస్ట్‌కు తిండి తక్కువైంది. గ్లాసు బాగా తిప్పితే ఒక్కోసారి పోతది. దెబ్బ తగిలిన ఆపిల్ వాసన వస్తే సీసా తెరిచి చాలా రోజులైంది. టేస్టింగ్ రూముల్లో ఎక్కువ దొరికేది ఈ చివరిదే. గిరాకీ తక్కువున్న సోమవారం, శనివారం తెరిచిన సీసాలోనిదే పోస్తరు. 'ఇది ఎప్పుడు తెరిచింది?' అని అడిగి కొత్తది తెరిపించుకోండి. మంచి చోట మాట్లాడకుండ తెరుస్తరు, ముఖం మాడ్చుకుంటే సీసా కొనకండి.

చల్లదనం కూడా చూడండి. తెల్లది 8 నుంచి 10 డిగ్రీలు, ఎర్రది 16 నుంచి 18. 'ఎర్రది రూము వేడి మీద' అని చెప్పిన పుస్తకం మన నాందేడ్ రూము చూడలేదు. 38 డిగ్రీల షిరాజ్ అంటే దగ్గుమందు. ఇంట్లో ఎర్రదాన్ని కూడా తాగే ముందు అరగంట, ముప్పావుగంట ఫ్రిజ్‌లో పెట్టండి. జొన్నరొట్టె, పల్లికారం పక్కన కొంచెం తీపి మిగిలిన షెనిన్ కుదురుతది. వగరు ఎర్రది కుదరదు.

కొంటే అక్కడ మాత్రమే అమ్మేవి, తక్కువ సీసాలు చేసినవి కొనండి. కారులో డిక్కీలో పెట్టకండి. ఎండకు లోపల వైన్ ఉబ్బి బిరడా పైకి లేస్తది, మూతి కాడ జిగురు కారుతది. ఆ సీసా అయిపోయినట్టే. థర్మోకోల్ డబ్బాలో పెట్టి, ఏసీ ఉన్న సీట్ల మధ్య కింద పెట్టండి. బిల్లు పారేయొద్దు.

బోధన్, నిజామాబాద్‌లో చుట్టాలకని రెండు సీసాలు పట్టుకుని సాలూర కాడ సరిహద్దు దాటే ఆలోచన ఉంటే మానుకోండి. పర్మిట్ లేకుండ వేరే రాష్ట్రం మందు తెలంగాణలోకి తెస్తే ఎక్సైజ్ కేసు. బిల్లు ఉన్నా అది మహారాష్ట్ర పన్ను బిల్లే, అక్కడ పనికిరాదు. చంద్రాపూర్‌లో 2015లో పెట్టిన నిషేధం 2021లో ఎత్తేసిన్రు, కాబట్టి బల్లార్‌పూర్ వాళ్ళకు ఆ ఇబ్బంది లేదు. గడ్చిరోలిలో 1993 నుంచి ఉన్న నిషేధం ఇంకా ఉంది. సిరోంచ వాళ్ళు ఒక్క సీసా కూడా సంచిలో వేస్కోవద్దు. మీకు నచ్చింది ఏదైనా సరే, నాసిక్‌లోనే తాగి, ఖాళీ గ్లాసు అక్కడనే పెట్టి రావుడే.