పెరట్లో చిల్లుల బంతి బేస్‌బాల్: మన లీగ్‌కి రూల్స్ ఎలా పెట్టుకోవాలి

[స్క్రీన్ నిండా తెల్ల ప్లాస్టిక్ బంతి. ఒక సగం నున్నగా ఉంది. రెండో సగంలో కోలగా ఎనిమిది చిల్లులు. వేళ్లతో నెమ్మదిగా తిప్పాలి.]

నమస్తే అండీ. ఈ బంతి బరువు దాదాపు 20 గ్రాములు. మనం వీధిలో ఆడే టెన్నిస్ బంతి 58 గ్రాములు ఉంటుంది, లెదర్ బంతి 156 గ్రాములకు తగ్గదు. అందుకే దీన్ని ఎంత బలంగా బాదినా ఎక్కువ దూరం పోదు, తగిలినా పెద్దగా నొప్పి పుట్టదు. దీన్ని విఫిల్ బాల్ అంటారు. అమెరికాలో పిల్లలు ఇంటి వెనక పెరట్లో దీంతోనే బేస్‌బాల్ ఆడతారు.

1953లో కనెక్టికట్ రాష్ట్రంలోని ఫెయిర్‌ఫీల్డ్‌లో డేవిడ్ ముల్లానీ అనే తండ్రి దీన్ని తయారుచేశాడు. ఆయన పన్నెండేళ్ల కొడుకు ప్లాస్టిక్ గోల్ఫ్ బంతితో, చీపురు కర్రతో పెరట్లో ఆడుతూ, బంతిని తిప్పాలని పదే పదే విసిరి చెయ్యి నొప్పి తెచ్చుకునేవాడు. ఆ నొప్పి చూసి, పెర్ఫ్యూమ్ ప్యాకింగ్‌కి వాడే గుండ్రటి ప్లాస్టిక్ డిప్పలు తెచ్చి, రకరకాలుగా చిల్లులు కోసి కొడుకు చేతికిచ్చాడు తండ్రి. వాటిలో ఈ ఎనిమిది చిల్లుల బంతే అన్నిటికంటే బాగా తిరిగింది.

[వైడ్ షాట్: పెద్ద పెరడు. ఒక పక్క మామిడిచెట్టు, మూలన బావి, వెనక పక్కింటి గోడ.]

నెల్లూరు జిల్లాలో కోవూరు, ఇందుకూరుపేట వైపు ఊళ్లకి పోతే ఇలాంటి పెరళ్లు ఇంకా కనిపిస్తాయి. ఒంగోలు, కావలి లాంటి టౌన్లలో అయితే ఇంటి పక్క ఖాళీ ప్లాటు చాలు. సంక్రాంతికి పిల్లలంతా ఊరికి వస్తారు కదా, ఎనిమిదేళ్ల వాడి నుంచి అరవై ఏళ్ల పెద్దాయన దాకా కలిసి ఆడే ఆట కావాలంటే నేను దీన్నే చెప్తాను. ఎందుకంటే ఇందులో పరుగెత్తే పని లేదు. అయితే ఒక్క షరతు. ఆట మొదలవకముందే రూల్స్ రాసుకోవాలి, అవి కూడా మన పెరటిని కొలిచి, అందులో ఏముందో చూసి రాసుకోవాలి. వేరే వాళ్ల రూల్స్ తెచ్చి అతికిస్తే మొదటి మ్యాచ్‌లోనే గొడవ.

[టైటిల్ కార్డు: ముందు టేపు పట్టండి]

కంపెనీ వాళ్ల అసలు రూల్స్ ప్రకారం బ్యాటర్ నుంచి చివరి దాకా సుమారు 60 అడుగుల పొడవు ఉంటే ఆట నడుస్తుంది. అంత లేకపోతే, ఉన్న పొడవునే నాలుగు భాగాలు చేయండి. బ్యాటర్‌కి దగ్గర భాగం సింగిల్, తర్వాతది డబుల్, ఆ పైది ట్రిపుల్, చివరి భాగం హోమ్ రన్. కొట్టిన బంతిని ఎవరూ ఆపకపోతే, పట్టకపోతే, అది ఏ భాగంలో పడి ఆగిందో అన్ని బేస్‌లు: సింగిల్‌కి ఒకటి, డబుల్‌కి రెండు, ట్రిపుల్‌కి మూడు, హోమ్ రన్‌కి నాలుగూ. బేస్ అంటే రన్ రావాలంటే చుట్టి రావాల్సిన నాలుగు మూలల్లో ఒకటి. బ్యాటర్ కదలక్కర్లేదు.

ఇక ఏ వైపు తిరిగి బ్యాటింగ్ చేయాలి? మన కోస్తాలో మధ్యాహ్నం దాటాక సముద్రం గాలి తూర్పు నుంచి కొడుతుంది. 20 గ్రాముల బంతికి ఆ గాలి చాలా ఎక్కువ. బ్యాటర్ తూర్పుకి తిరిగి నిలబడితే సాయంత్రం ఎండ కళ్లలో పడదు, గాలి ఎదురు రావడం వల్ల బంతి ఊరికే గోడ దాటిపోదు. పెద్ద బేస్‌బాల్ రూల్ బుక్కులో కూడా బ్యాటర్ దగ్గర నుంచి పిచర్ (బంతి విసిరేవాడు) మీదుగా వెళ్లే గీత తూర్పు ఈశాన్యం వైపు ఉంటే మంచిదని రాసుంది. మన పెరట్లో పిచర్‌కి ఎండ కొడుతుంది, ఆయనకి టోపీ ఇవ్వండి.

[క్లోజప్: ఎర్ర రంగు ముగ్గు పొడితో గీత గీస్తున్న చెయ్యి]

క్రికెట్ అలవాటున్న మనకి మొదట ఇబ్బంది పెట్టేది ఫౌల్ లైన్. క్రికెట్‌లో వెనక్కి గ్లాన్స్ చేసినా ఫోరే. ఇక్కడ బ్యాటర్ ముందు V ఆకారంలో రెండు గీతలుంటాయి. ఆ రెండింటి మధ్య పడితేనే లెక్క. బయట పడితే ఫౌల్, దాన్ని ఒక స్ట్రైక్‌గా, అంటే బ్యాటర్ ఖాతాలో ఒక తప్పుగా రాస్తాం. అలాంటివి మూడైతే అవుట్. కానీ ఇప్పటికే రెండు స్ట్రైకులుంటే ఫౌల్ వల్ల మూడోది పడదు. ఫౌల్ బంతిని గాల్లో ఉండగా పట్టేస్తే మాత్రం అవుట్. గీత మీద పడితే లోపల పడినట్టే.

గీతకి తెల్ల ముగ్గు వద్దు, బంతి కూడా తెల్లదే. ఎర్ర రంగు పొడి వాడండి. ఎందుకో చూడండి.

[పెరట్లో. బంతి గీత దగ్గర పడి దొర్లింది.]

బాబాయ్: అది బయటే పడిందమ్మా. నేను చూశాను.

అమ్ములు: లేదు బాబాయ్, బంతి చూడు, ఇక్కడ ఎర్రగా అంటుకుంది.

[క్లోజప్: బంతి నున్నటి వైపు సన్నటి ఎర్ర మరక. బాబాయ్ బొటనవేలితో తుడిచి చూస్తున్నారు.]

బాబాయ్: సరే, లోపలే. సింగిల్ రాసుకో.

ప్రతి ఇన్నింగ్స్‌కి (రెండు జట్లూ ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్) ముందు బంతిని గుడ్డతో తుడిచి పెట్టుకోండి, పాత మరక చూసి పొరబడకుండా ఉంటారు.

[టైటిల్ కార్డు: స్ట్రైక్ ఎవరు చెప్పాలి?]

ఇది అసలైన చిక్కు, దీని మీద కాస్త ఎక్కువ సేపు మాట్లాడతాను. పెద్ద బేస్‌బాల్‌లో బ్యాటర్ మోకాళ్ల నుంచి ఛాతీ దాకా ఉన్న కొలతలో బంతి వెళ్లిందా లేదా అన్నది అంపైర్ చెప్తాడు. విఫిల్ బాల్ అసలు రూల్స్‌లో ఆ గొడవే లేదు. బ్యాట్ ఊపకుండా వదిలేస్తే స్ట్రైకే కాదు, వాక్ (చెడ్డ బంతులకి ఫస్ట్ బేస్ ఫ్రీగా ఇవ్వడం) అనేది లేనే లేదు. ఇద్దరు పిల్లలు ఆడుకునేటప్పుడు అది చక్కగా సరిపోతుంది. లీగ్ అనేసరికి బ్యాటర్ తనకి నచ్చిన బంతి వచ్చేదాకా ఊపకుండా నిలబడతాడు, పిచర్‌కి విసుగొస్తుంది, చూసేవాళ్లు లేచి టీ తాగడానికి పోతారు.

అందుకే బ్యాటర్ వెనక ఒక ప్లాస్టిక్ కుర్చీ పెట్టండి. బ్యాటర్ ఊపకుండా వదిలేసిన బంతి కుర్చీకి తగిలితే స్ట్రైక్, తగలకపోతే 'బాల్', అంటే పిచర్ తప్పు. మూడు స్ట్రైకులకు అవుట్, నాలుగు బాల్స్‌కి వాక్, అంటే ఫస్ట్ బేస్ ఫ్రీ. కుర్చీకి ఒక ఇబ్బంది ఉంది. కాళ్ల మధ్య నుంచి, వెనక ఉన్న సందుల్లోంచి బంతి దూరిపోతుంది, అప్పుడు తగిలిందా లేదా అని మళ్లీ వాదన. నా మాట వింటే ఒక పాత రేకు ముక్క తీసుకోండి. 22 అంగుళాల వెడల్పు, 28 అంగుళాల ఎత్తు ఉంటే చాలు. అంచులు చేతికి కోసుకోకుండా సుత్తితో లోపలికి మడిచి, కుర్చీకి తాడుతో కట్టండి. బంతి తగలగానే టక్‌మని మోగుతుంది. వంటింట్లో ఉన్నవాళ్లకి కూడా వినపడుతుంది. దాంతో అంపైర్ అక్కర్లేదు, అంపైర్‌గా ఎవరినీ కూర్చోబెట్టక్కర్లేదంటే అందరూ ఆడొచ్చు.

[క్లోజప్: బంతి పట్టుకున్న చెయ్యి. చిల్లులు ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి.]

పిచింగ్ సంగతికొద్దాం. క్రికెట్ బంతి ఒక వైపు మెరుగ్గా, ఒక వైపు గరుకుగా ఉంటే స్వింగ్ అవుతుందని మనకి తెలుసు. ఇక్కడా సూత్రం అలాంటిదే. నున్నటి సగం మీద గాలి ఒకలా జారుతుంది, చిల్లుల సగం మీద ఇంకోలా చెదురుతుంది, కొంత గాలి బంతి లోపలికీ దూరుతుంది. రెండు వైపులా తేడా రావడంతో బంతి పక్కకి లాగుతుంది. చిల్లులు ఏ వైపు పెట్టారన్న దాన్ని బట్టి తిరిగే వైపు మారుతుంది. మణికట్టు బాగా తిప్పాల్సిన పనే లేదు, పట్టు మార్చి మామూలుగా విసరండి. కాసేపట్లోనే మీ చేతికి అర్థమవుతుంది.

ఇక్కడ రెండు రూల్స్ తప్పకుండా పెట్టండి. ఒకటి, బంతిని సిమెంటు గచ్చు మీద కావాలని రుద్దకూడదు. గీతలు పడ్డ బంతి మరీ ఎక్కువగా తిరుగుతుంది. అమెరికాలో కొన్ని లీగుల్లో చాకుతో గీకి మరీ ఆడతారు, కానీ మన ఇంట్లో పదేళ్ల పిల్లకి ఆ బంతి ఎట్టా తగులుతుంది? ఆడుతూ ఆడుతూ వాటంతట అవి పడిన గీతలు ఫర్వాలేదు, రెండు జట్లూ ఒకే బంతి వాడాలి. రెండు, ఒక్కో పిచర్‌కి వరసగా రెండు ఇన్నింగ్సే. చేతిలో బరువు లేని వస్తువుని బలంగా విసిరితే మోచేతి మీద, భుజం మీద ఒత్తిడి పడుతుంది. పండక్కి వచ్చిన పిల్లలు భుజం పట్టుకుని తిరిగి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

విఫిల్ బాల్ దొరకలేదని ఆగకండి. నెల్లూరు స్పోర్ట్స్ షాపుల్లో పికిల్‌బాల్ బంతి అడిగి చూడండి. దానికి చుట్టూ చిల్లులుంటాయి, రెండు సగాలూ ఒకేలా ఉంటాయి కాబట్టి అంతగా తిరగదు. ఒక సగానికి ఇన్సులేషన్ టేపు పల్చగా అంటించి ప్రయత్నించండి. బ్యాట్ మాత్రం సన్నటి ప్లాస్టిక్‌దే కావాలి, క్రికెట్ బ్యాట్ వద్దు. బంతి పగిలిపోతుంది.

[అరుగు మీద సుద్దతో గీసిన వజ్రం ఆకారం. నాలుగు మూలల్లో ఒకటి, రెండు, మూడు, ఇల్లు అని రాసుంది. ఒక చెయ్యి చింతగింజ జరుపుతోంది.]

పరుగెత్తకపోతే బేస్ మీద ఎవరున్నారో ఎలా తెలుస్తుంది అని అడుగుతారు. ఇదిగో. అరుగు మీద వజ్రం గీసి, బేస్ మీద ఉన్న ప్రతి మనిషికీ ఒక చింతగింజ పెట్టండి. బ్యాటర్ సింగిల్ కొడితే అన్ని గింజలూ ఒక్కో మూల ముందుకి. డబుల్ కొడితే రెండేసి. ఇల్లు చేరిన గింజకి ఒక రన్. వాక్ వస్తే మాత్రం వెనక నుంచి గింజ వచ్చి నెట్టిన వాళ్లే కదులుతారు, మిగతా గింజలు ఉన్నచోటే. ఈ లెక్క ఒకరికే అప్పగించండి. వామనగుంటలు ఆడిన చేతులు అయితే ఇంకా మంచిది, మా పెద్దమ్మ ఈ పని చేసినంత నిక్కచ్చిగా ఎవరూ చేయలేరు.

జట్టుకి నలుగురు, అందులో ఒకరు పన్నెండేళ్ల లోపు వాళ్లు. మూడు అవుట్లకి బ్యాటింగ్ మారుతుంది. తొమ్మిది ఇన్నింగ్స్ మనకి ఎక్కువ, ఐదు చాలు. ఒక ఇన్నింగ్స్‌లో ఐదు రన్స్ దాటితే అక్కడితో ఆపి అవతలి జట్టుకి ఇచ్చేయండి. దొర్లుతున్న బంతిని గీతల మధ్య ఆగకముందే చేత్తో పట్టేసినా బ్యాటర్ అవుటే. బంట్, అంటే బ్యాట్ అడ్డం పెట్టి ఊరికే తాకించడం, లేదు. చిన్నపిల్లలకి నాలుగు స్ట్రైకులు.

[మామిడిచెట్టు కింద నుంచి పైకి. కొమ్మల మధ్య తెల్ల బంతి ఇరుక్కుని ఉంది.]

ఇప్పుడు పెరటి రూల్స్. వీటిని గోడ మీద సుద్దతో రాసేయండి.

చెట్టులో బంతి ఇరుక్కుంటే డబుల్. చికాగోలోని రిగ్లీ ఫీల్డ్ అనే పెద్ద స్టేడియంలో అవుట్‌ఫీల్డ్ గోడ నిండా తీగలు అల్లుకుని ఉంటాయి, బంతి ఆ తీగల్లో ఇరుక్కుంటే అక్కడా డబులే. అంత పెద్ద స్టేడియానికే సొంత రూల్ ఉన్నప్పుడు మన మామిడిచెట్టుకి ఉండదా? ఆకులకి తగిలి కింద పడుతున్న బంతిని పట్టాలంటే ఒంటి చేత్తో పట్టాలి, అప్పుడే అవుట్. రెండు చేతులతో పడితే చెల్లదు. మన వీధి క్రికెట్‌లో వన్ పిచ్ క్యాచ్‌కి పెట్టుకునే న్యాయమే.

పక్కింటి గోడ దాటితే అవుట్, బ్యాటరే వెళ్లి అత్తా బంతి పడిందని అడిగి తెచ్చుకోవాలి. గోడ దూకడం లేదు. వీధి వైపు దాటితే మాత్రం హోమ్ రన్. కొట్టే దిక్కు మనం ఎంచుకోవచ్చు కదా, అందుకని ఈ ఒక్క రూల్‌తో పక్కింటి వాళ్లతో మంచిగా ఉండొచ్చు.

బావికి ఇనుప జాలీ గానీ చెక్క మూత గానీ లేకుండా మొదటి బంతి కూడా వేయొద్దు. ఈ విషయంలో నేను మొహమాటపడను. బంతి కోసం తల పైకెత్తి వెనక్కి నడిచే పిల్లలకి బావి కనపడదు. అలాగే వడియాలో, ఎండుమిరపకాయలో, ఒడ్లో ఆరేసిన రోజు ఆట ఆ పూటకి లేదు. ఇంట్లో ఆడవాళ్లు పొద్దున్నే లేచి చేసిన పనికి అడ్డం పోయే లీగ్ ఎక్కువ రోజులు నడవదు.

[క్యాలెండర్ మీద వేలు: అక్టోబరు నుంచి డిసెంబరు]

సీజన్ ఎప్పుడంటే, మనకి ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయి, పెరడంతా బురద. సంక్రాంతికి మొదలుపెట్టి ఎండలు ముదరకముందే మార్చిలో ముగించేయండి. నాలుగు జట్లుంటే ప్రతి జట్టూ మిగతా మూడింటితో ఒక్కోసారి ఆడుతుంది, మొత్తం ఆరు మ్యాచ్‌లు. ఆ పైన మొదటి రెండు జట్లకీ ఫైనల్.

స్కోరు సమానమైతే ఏం చేయాలి? అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 2020 నుంచి అదనపు ఇన్నింగ్స్‌లో సెకండ్ బేస్ మీద ఒక మనిషిని ముందే నిలబెట్టి మొదలుపెడుతున్నారు. మనం కూడా సెకండ్ మీద ఒక చింతగింజ పెట్టి ఆరో ఇన్నింగ్స్ మొదలుపెడదాం. అప్పటికీ తేలక చీకటి పడిందా, ఆట ఆపేయండి. మసక వెలుతుర్లో తెల్ల బంతి అయినా కనిపించదు, మొహానికి తగులుతుంది. అరుగు మీద గింజలు ఎలా ఉన్నాయో అలాగే ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి, పక్కన ఎన్ని అవుట్లో, ఎన్ని స్ట్రైకులో సుద్దతో రాసి అది కూడా ఫోటోలో వచ్చేలా చూడండి. మర్నాడు సాయంత్రం నాలుగున్నరకి సరిగ్గా అక్కడి నుంచే మొదలు.