సొరబుర్రలోని గులకరాళ్లు

శ్రోతలకు నమస్కారం. అలెక్స్ హేలీ 1976లో వెలువరించిన ‘రూట్స్’ నవలను సహవాసి ‘ఏడు తరాలు’ పేరుతో మనకు తెలుగులో అందించారు. ఆ పుస్తకం చదివి ఏడ్చినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎక్కడ ఏడుపొచ్చిందో, ఎవరి మీద కోపమొచ్చిందో ఈ పూట మీతో చెప్పుకోవాలనిపించింది.

పశ్చిమ ఆఫ్రికాలోని గాంబియా దేశంలో జుఫూరే గ్రామం. డోలు చేసుకోవడానికి కట్టె కోసం అడవికి వెళ్లిన కుంటా కింటే అనే కుర్రాడిని మాటువేసి పట్టుకుంటారు. గొలుసులతో ఓడ అడుగున పడేసి అమెరికాకు తెచ్చి బానిసగా అమ్ముతారు. టోబీ అని పేరు పెడతారు. పారిపోతుంటే పాదం సగం నరికేస్తారు. అక్కడిదాకా పళ్లు బిగించి చదివాను.

కుంటా దగ్గర ఒక సొరబుర్ర ఉంటుంది. నెలపొడుపు చూసినప్పుడల్లా అందులో ఒక గులకరాయి వేస్తాడు. అదే అతని వయసు లెక్క. పేరు మార్చిన దొరలకు ఆ లెక్క మాత్రం అందలేదు. కూతురు కిజ్జీకి తన భాషలో మాటలు నేర్పుతాడు. నదిని చూపించి ‘కాంబీ బొలొంగో’ అంటాడు. ఆ పిల్ల, తను ప్రేమించిన కుర్రాడు పారిపోవడానికి దొంగ అనుమతి చీటీ రాసిచ్చిందని పదహారేళ్ల వయసులో ఆమెను అమ్మేస్తారు. బండి కనుమరుగయ్యాక కుంటా ఆమె అడుగుజాడల్లోని మట్టిని దోసిట్లోకి తీసుకుంటాడు. ఆ మట్టిని భద్రంగా దాచితే మనిషి తిరిగి వస్తుందని పూర్వీకుల మాట. దాన్ని ఎక్కడ దాచాలా అని గుడిసెలో చూస్తుండగానే తెలిసిపోతుంది, బిడ్డ ఇక రాదని. మట్టి విసిరేస్తాడు. సొరబుర్రను నేలకేసి కొడతాడు.

పేజీ తిప్పితే కిజ్జీ కొత్త దొర దగ్గర ఉంది. కుంటా మళ్లీ కనిపించడు. ఎన్నాళ్లు బతికాడో, ఎలా పోయాడో ఆ నవలలో ఎక్కడా లేదు. వెతుక్కుంటూ పేజీలు ముందుకు తిప్పాను. కథకుడి మీద మండిపడ్డాను. చాలా రోజులకు గాని తట్టలేదు, కిజ్జీకి ఏనాడూ తెలియనిది అతను నాకెందుకు చెప్పాలి? తండ్రి ఏమయ్యాడో తెలియకుండా బతకడం ఎలా ఉంటుందో నా చేత అనుభవింపజేశాడు. అప్పుడే ఏడ్చాను.

అంతదాకా తెర వెనుక ఉన్న ఆ కథకుడు, కుంటా వంశంవాడినని చెప్పుకున్న హేలీ, చివర్లో ‘నేను’ అంటూ బయటికి వస్తాడు. టెనెసీలో అమ్మమ్మ ఇంటి వరండాలో విన్న కథల తీగ పట్టుకుని జుఫూరే చేరతాడు. వంశచరిత్రలు నోటితో చెప్పే వృద్ధుడొకరు గంటల తరబడి తరాలు వల్లిస్తూ, కట్టె కొట్టడానికి వెళ్లి తిరిగిరాని కుంటా దగ్గరికి వస్తాడు. ఆ వృద్ధుడి మాటలను, హేలీ చూపిన వంశవృక్షాన్ని తర్వాత పరిశోధకులు సందేహించారు. మరో రచయిత నవలలోని భాగాలు ఇందులో ఉన్నాయన్న దావా 1978లో రాజీతో ముగిసింది. అవి చదివి బాధపడ్డాను, దాచను. అయినా కుంటా దోసిట్లోని ఆ మట్టి నాకు అబద్ధం కాలేదు.

జుఫూరేలో కథ విన్నాక అక్కడి తల్లులు ఒక్కొక్కరే వచ్చి తమ పసిబిడ్డలను హేలీ చేతుల్లో పెట్టి తీసుకుంటారు.