చిన్నగా పుట్టిన కణం ఎందుకు ఆగుతుంది?

అందరికీ నమస్కారం. పర్లాకిమిడి ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు విద్యార్థులే ఇక్కడ ఎక్కువ కాబట్టి, మీ చేతుల్లో రోజూ తిరిగే సీబీసీ రిపోర్టుతోనే, అంటే రక్తకణాల లెక్కతోనే, మొదలుపెడదాం. అందులో ఎంసీవీ ఉంటుంది, ఎర్ర కణం సగటు ఘనపరిమాణం. పెద్దవాళ్లలో 80 నుంచి 100 ఫెమ్టోలీటర్లు (లీటరులో అతి సూక్ష్మమైన భాగం). కణం దగ్గర కొలబద్ద లేదు కదా, మరి అంత ఇరుకు హద్దుల్లో ఎలా నిలుస్తోంది?

పెరగడం వేరు, చీలడం వేరు. తిండి అందుతోందని ఎంటార్ అనే ఎంజైము పసిగడితే ప్రోటీన్ తయారీ జోరందుకుంటుంది. రాపమైసిన్ అనే మందుతో దాన్ని అణచితే కణాలు చిన్నవవుతాయి. పెరగడానికీ చీలడానికీ లంకె పడేది చాలావరకు జీ1 దశలో, అంటే కణం పుట్టాక డీఎన్‌ఏ నకలు మొదలయ్యేలోపు.

పఖాళ (నీళ్లు పోసిన అన్నం) కలిపేటప్పుడు గమనించండి. వేసిన ఉప్పు అంతే, నీళ్లు పోసేకొద్దీ ఉప్పదనం తగ్గుతుంది. ఆర్‌బీ ప్రోటీన్ సంగతీ అదే. జీ1లో దాని మొత్తం పెద్దగా మారదు, కణం పెరిగేకొద్దీ పలచబడుతుంది. అది విభజనకు బ్రేకు. తగినంత పలచబడ్డాకే డీఎన్‌ఏ నకలు మొదలవుతుంది. చిన్నగా పుట్టిన కణంలో అది చిక్కగా ఉంటుంది, అందుకే ఎక్కువసేపు ఆగాలి. 2020లో స్కాట్‌హైమ్ బృందం మనిషి కణాల్లో దీన్ని చూపింది. ఇదొక్కటే కారణమని మాత్రం బట్టీ పట్టకండి. చిన్న కణాల జీ1ను పీ38 కైనేజ్ అనే ఎంజైము కూడా సాగదీస్తుంది.

కొన్ని కణాలైతే ఎంత సైజులో పుట్టినా దాదాపు ఒకే మోతాదు పెరిగి చీలతాయి. 1200, 800 ఫెమ్టోలీటర్లతో పుట్టిన రెండూ 1000 చొప్పున పెరిగాయనుకోండి: పిల్లకణాలు 1100, 900. 400 తేడా 200కి దిగింది. లెక్క ఇంతే.

లంకె తెగితే? బీ12 గానీ ఫోలేట్ గానీ చాలకపోతే డీఎన్‌ఏ నకలు కుంటుతుంది, పెరుగుదల ఆగదు. ఎముక మజ్జలో కణం చీలలేక ఉబ్బుతుంది, ఎంసీవీ 100 దాటుతుంది. ఇనుము చాలకపోతే హిమోగ్లోబిన్ నిండక 80 కిందికి పడుతుంది. రెండు లోపాలూ కలిస్తే సగటు 90 దగ్గర చక్కగా కనబడి మోసం చేస్తుంది. అప్పుడు ఆర్‌డీడబ్ల్యూ (కణాల సైజుల్లో తేడా ఎంతో చెప్పే అంకె) చూడాలి, స్మియర్ తీయాలి, అంటే గాజుపలక మీద రక్తం పూసి మైక్రోస్కోపులో చూడాలి.

ఒక్క జాగ్రత్త: బరంపురం పంపే శాంపిల్ వేడిలో ఒక రోజు పడి ఉంటే కణాలు నీరు పీల్చి ఉబ్బుతాయి. ఎంసీవీ ఎక్కువ వస్తే, బీ12 అనుకునేముందు రక్తం తీసిన టైము చూడండి.